ఉప్పు డబ్బా చెప్పే గింజల కబురు

వానాకాలంలో విశాఖలో ఎవరింట్లోనైనా ఉప్పు డబ్బా మూత తీసి చూడండి, గడ్డకట్టో, చెమ్మగిల్లో ఉంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు దాన్ని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. అదే గాలిలో నాటడానికని ఏరి మనం పొట్లం కట్టిన కానుగ గింజలూ, రేల గింజలూ ఉంటాయి కదా, వాటి గతేంటి?

కిందటి వేసవిలో సింహాచలం రోడ్డు పక్కన ఏరిన కానుగ గింజల్ని పాలిథీన్ కవర్లో కట్టి అటక మీద పెట్టాను. ఆగస్టులో విప్పితే కవరు లోపల నీటి బొట్లు, ముక్కిన నూనె వాసన, గోటితో నొక్కితే పప్పు నలిగిపోయింది. ఇరవై నాటితే ఒక్కటీ మొలవలేదు. మూడు నెలలకే గింజ ముసలిదైపోదు, దాన్ని చంపింది ఉక్కపోత.

బాగా ఎండిన గింజలో కణాల లోపలి ద్రవం గాజులా గట్టిపడుతుంది, గింజ బతికే ఉంటుంది కానీ లోపల పనులన్నీ దాదాపు ఆగిపోతాయి. తేమ చేరిందంటే ఆ గాజు మెత్తబడి శ్వాస ఊపందుకుంటుంది, మొలక కోసం దాచుకున్న తిండి ఖర్చవుతుంది, కొవ్వులు చెడతాయి, డీఎన్‌ఏ దెబ్బతింటుంది. హారింగ్టన్ అనే శాస్త్రవేత్త చెప్పిన ఉజ్జాయింపు లెక్క ఒకటుంది: గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు, చుట్టూ వేడి 5 డిగ్రీలు తగ్గినా రెట్టింపే. అంటే తేమ 14 నుంచి 10 శాతానికి దిగితే పదహారు రెట్లు! నార్వేలోని స్వాల్‌బార్డ్‌లో 2008లో తెరిచిన ఖజానాలో మైనస్ 18 డిగ్రీల దగ్గర దాచే విత్తనాలను కూడా ముందు ఆరబెట్టి, గాలి చొరని కవర్లలో సీలు చేశాకే లోపల పెడతారు.

కానీ అన్ని గింజలకూ ఇదే మంత్రం పనిచేయదు. నేరేడు గింజను ఎండబెట్టారో, చచ్చిందన్నమాటే, పండు తిన్న వారం పది రోజుల్లోపు తడి మట్టిలో పెట్టాల్సిందే. రేల గింజ అందుకు పూర్తి విరుద్ధం, దాని పెంకు నీటినే లోపలికి రానివ్వదు కాబట్టి ఏళ్ల తరబడి ఉంటుంది, నాటేముందు గరుకు రాతి మీద కాస్త రుద్దాలి.

దాచేవాటిని నీడలో ఆరబెట్టి, పొడి ఉప్పుతో కలిపి గాజు సీసాలో పోసి ఊపండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే గింజ ఇంకా ఆరలేదన్నమాట. అప్పుడు బియ్యం దోరగా వేయించి, చల్లార్చి, గుడ్డలో మూటగట్టి ఆ గింజలతో పాటు మూత బిగించి రెండు మూడు రోజులు ఉంచండి, మళ్లీ ఊపి చూడండి.