జారిన రాయి, పేలిన రాయి

2014 మే 21 రాత్రి పది గంటలు కావస్తుండగా విశాఖపట్నంలో చాలామందికి నేల కదిలినట్టు తెలిసింది. బంగాళాఖాతం అడుగున 6.0 తీవ్రతతో వచ్చిన భూకంపం అది. అనకాపల్లి వైపు రాతి క్వారీల దగ్గర కాపురముండేవారికైతే పట్టపగలే నేల అదరడం, వంటింట్లో స్టీలు గిన్నెలు గలగలమనడం కొత్త కాదు. కాలికి తెలిసే అదురు రెండుచోట్లా ఒకలాగే ఉండవచ్చు. భూకంపలేఖిని గీసిన గీతలో మాత్రం ఆ రెండింటికీ పోలిక తక్కువ.

భూమి లోపలి పగులుకు ఇరువైపులా ఉన్న రాయి ఏళ్ల తరబడి ఒత్తిడిని ఓర్చుకుని, ఇక ఓర్చలేక ఒక్కసారిగా జారితే అది భూకంపం. ఒకచోట మందు పేలి చుట్టూ ఉన్న రాతిని అన్ని దిక్కులకూ ఒకేసారి నెడితే అది పేలుడు. ఈ శాస్త్రంలో మిగతాదంతా ఈ ఒక్క తేడా నుంచి వచ్చిందేనని నా అభిప్రాయం. రెండు అరచేతులనూ గట్టిగా ఒత్తిపట్టి, ఒకదాన్ని ముందుకూ రెండోదాన్ని వెనక్కూ జరపండి. ముందుకు పోయే చేతి వేళ్లు ఎదుట ఉన్నదాన్ని నెడతాయి, అదే చేతి మణికట్టు వెనుక ఉన్నదాన్ని లాగుతుంది. రెండో చేతికి ఇది తారుమారు. భూకంపం కూడా ఇలాగే తన చుట్టూ ఉన్న నేలను నాలుగు భాగాలు చేస్తుంది. ఎదురెదురుగా ఉండే రెండు భాగాల్లోని భూకంప నమోదు కేంద్రాలలో మొదటి కదలిక పైకీ, మిగిలిన రెండింటిలో కిందికీ నమోదవుతుంది. పేలుడైతే ఏ దిక్కున ఉన్న కేంద్రంలోనైనా మొదటి కదలిక పైకే.

ఆ తరువాత చూడవలసినవి తరంగాలు. గట్టి రాతిలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో వచ్చే పీ తరంగం రాతిని నొక్కుతూ సాగుతుంది, 3.5 కిలోమీటర్ల వేగంతో వెనుక వచ్చే ఎస్ తరంగం రాతిని అడ్డంగా ఊపుతుంది. జారుడు వల్ల ఎస్ తరంగాలు బలంగా పుడతాయి కాబట్టి, భూకంపపు గీతలో మొదట చిన్న వణుకు, కాస్త ఆగి దానికి కొన్ని రెట్ల పెద్ద ఊపు కనిపిస్తాయి. పేలుడు గీత మొదలవడమే గట్టిగా మొదలవుతుంది. అందులో ఎస్ తరంగాలు బొత్తిగా ఉండవని కాదు. రాతి పొరలకూ నేల ఉపరితలానికీ తగిలిన పీ తరంగాలలో కొంత భాగం ఎస్‌గా మారుతుంది. అందుకే నిపుణులు ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర, అంటే సెకనుకు ఎక్కువసార్లు ఊగే కదలికలలో, పీ, ఎస్ తరంగాల నిష్పత్తిని కొలుస్తారు.

క్వారీలో వరుసగా వేసిన రంధ్రాలలోని మందును ఒక్కసారే పేల్చరు. మిల్లీసెకన్ల తేడాతో ఒకదాని వెంట ఒకటి పేలుస్తారు. ఆ క్రమబద్ధమైన వ్యవధి తరంగాల వర్ణపటంలో, అంటే ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే పటంలో, చారలుగా మిగులుతుంది. పైగా క్వారీ పని పగటిపూట సాగేది. ఒకేచోట నుంచి పగలు మాత్రమే వచ్చే ప్రకంపనలను భూకంపాల జాబితాలో చేర్చేముందు ఆలోచించాల్సిందే.

విశాఖ ఆర్.కె. బీచ్‌లో మ్యూజియంగా నిలిపిన కుర్సురా జలాంతర్గామిని చూసినప్పుడల్లా నాకు రష్యా జలాంతర్గామి కుర్స్క్ గుర్తుకు వస్తుంది. 2000 ఆగస్టు 12న అది పేలుళ్ల వల్ల బేరెంట్స్ సముద్రంలో మునిగిపోయినప్పుడు నార్వేలోని భూకంప కేంద్రాలలో రెండు సంకేతాలు నమోదయ్యాయి. మొదటిది చిన్నది; 2 నిమిషాల 15 సెకన్ల తరువాత వచ్చిన రెండోది దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. నీటిలో పేలినప్పుడు వాయువుల బుడగ ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఉంటుంది. ఆ లయ కూడా గీతలో దొరికింది.

లోతు ఇంకో ఆధారం. మనిషి వేసిన అత్యంత లోతైన రంధ్రం, రష్యాలోని కోలాలో ఉన్నది, 12 కిలోమీటర్లను కాస్త దాటింది. 2014 నాటి బంగాళాఖాతపు భూకంపం సుమారు 50 కిలోమీటర్ల లోతున పుట్టింది కనుక దాని విషయంలో అనుమానానికి తావే లేదు.

అయితే జారుడు కనిపించినంత మాత్రాన మనిషి ప్రమేయం లేదనడానికి వీల్లేదు. మహారాష్ట్రలోని కొయనా జలాశయంలో 1960ల మొదట్లో నీరు నింపడం మొదలయ్యాక ఆ ప్రాంతంలో ప్రకంపనలు ఎక్కువయ్యాయి. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున 6.3 తీవ్రతతో వచ్చిన భూకంపంలో సుమారు 180 మంది చనిపోయారు. జలాశయం బరువు, పగుళ్లలోకి ఇంకిన నీటి ఒత్తిడి అప్పటికే జారడానికి సిద్ధంగా ఉన్న రాతిని కదిలించాయి. అక్కడ జరిగింది నిజమైన జారుడే. గీత ఒక్కటీ చూస్తే అది సహజ భూకంపమే. జలాశయం నీటిమట్టాల రికార్డును పక్కన పెట్టుకుని తేదీలు పోల్చి చూస్తేనే సంగతి బయటపడుతుంది. కొయనాలో నేటికీ వానాకాలం ముగిసి జలాశయం నిండాక ప్రకంపనల సంఖ్య పెరుగుతూ ఉంటుంది.