డాబరీనర్ త్రికాలు ఎందుకు కుదిరాయి?

ఒకేలాంటి గుణాలున్న మూడేసి మూలకాలను డాబరీనర్ పరమాణు భారాల వరుసలో పెట్టిన గుంపులే త్రికాలు. వాటిలో మధ్య మూలకం భారం మిగతా రెండింటి సగటు ఎలా అవుతుందని పదో తరగతి చదివే అమ్మాయి ఒకరు అడిగింది. భలే ప్రశ్న! క్లాసులో త్రికాల గురించి నాలుగు ముక్కలు చెప్పి, వెంటనే 'పరిమితులు' అని హెడ్డింగ్ పెట్టి, మూలకాల వర్గీకరణలో తర్వాతి ప్రయత్నమైన న్యూలాండ్స్ అష్టకాల్లోకి వెళ్లిపోతారు. అవి ఎందుకు కుదిరాయో చెప్పరు, అసలు అందం అక్కడే ఉంది.

జర్మనీలోని యేనాలో ప్రొఫెసర్ డాబరీనర్ 1829లో క్లోరిన్, అయోడిన్ భారాలు కలిపి సగం చేస్తే దాదాపు 81 వచ్చింది. వాటి మధ్య మూలకం బ్రోమిన్, అది బయటపడి అప్పటికి మూడేళ్లే. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ దాని భారం కొలిచి చెప్పిన విలువ 78 పైచిలుకు. మూడు అంకెకు ఏదో మహిమ ఉందని నమ్మే న్యూమరాలజీకీ దీనికీ తేడా ఇదే, డాబరీనర్ లెక్కను ఎవరైనా తూచి చూడొచ్చు, తప్పయితే తప్పని తేలిపోతుంది.

ఇప్పుడు భారాలు పక్కన పెట్టి పరమాణు సంఖ్యలు, అంటే కేంద్రకంలోని ప్రోటాన్ల లెక్క, చూడండి. లిథియం 3, సోడియం 11, పొటాషియం 19. క్లోరిన్ 17, బ్రోమిన్ 35, అయోడిన్ 53. కాల్షియం 20, స్ట్రాన్షియం 38, బేరియం 56. సగటు తీయండి, ఒక్క అంకె కూడా తేడా రాదు! రోడ్డు మీద మూడు ఊళ్లు సమాన దూరంలో ఉంటే మధ్య ఊరి మైలురాయి మీద అంకె అటూ ఇటూ ఊళ్ల అంకెలకు సగటే కదా. ఆవర్తన పట్టికలో పీరియడ్ల (అడ్డు వరుసల) పొడవులు 2, 8, 8, 18, 18, 32, 32. మొదటిది తప్ప ప్రతి పొడవూ రెండుసార్లు వస్తుంది కాబట్టి, లిథియం నుంచి 8 అడుగులేస్తే సోడియం, ఇంకో 8 వేస్తే పొటాషియం. క్లోరిన్ నుంచి 18 చొప్పున రెండుసార్లు నడిస్తే అయోడిన్.

మరి భారాల్లో సగటు కాస్త ఎక్కువగా ఎందుకొస్తుంది? క్లోరిన్ 35.5, అయోడిన్ 126.9, సగటు 81.2, కానీ బ్రోమిన్ 79.9. బరువైన కేంద్రకాల్లో న్యూట్రాన్లు ప్రోటాన్ల కంటే వేగంగా పెరుగుతాయి, అందుకే మూడో మూలకం సగటును పైకి లాగేస్తుంది. న్యూట్రాన్ సంగతి 1932 దాకా ఎవరికీ తెలియదు.

సోడియం, పొటాషియం, రుబీడియం తీసుకుంటే మాత్రం లెక్క చెడిపోతుంది. ఒక అంగ 8, రెండోది 18. భారాల సగటు 54 వస్తుంది, పొటాషియం భారం 39. అదే ఒక్క మెట్టు కిందికి జరిగి పొటాషియం, రుబీడియం, సీసియం పరమాణు సంఖ్యలు చూడండి: 19, 37, 55. మళ్లీ చక్కగా కుదిరింది! సీసియం, రుబీడియం 1860, 61ల్లో బయటపడ్డాయి, డాబరీనర్ 1849లోనే పోయాడు.