ఇన్‌స్ట్రక్టర్ రేటింగులు పెరిగితే ఎయిర్‌లైన్ కొలువు దగ్గరవుతుందా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో శిక్షణ పొంది కొంతకాలం ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసిన నేను ఇప్పుడు తిరుపతిలో కమర్షియల్ పైలట్ లైసెన్సు పరీక్షలకు నావిగేషన్, మెటియరాలజీ పాఠాలు చెబుతున్నాను. చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి నుంచి పిల్లలను వెంటబెట్టుకొని వచ్చే తల్లిదండ్రులు బ్యాంకు రుణం కాగితాలు ముందు పెట్టి, "లైసెన్సుతో పాటు ఇన్‌స్ట్రక్టర్ రేటింగులు కూడా రెండు మూడు చేయిస్తే ఎయిర్‌లైన్‌లో తొందరగా తీసుకుంటారు కదండీ?" అని అడుగుతారు. ఆ రేటింగు (విమానం నడపడం నేర్పేందుకు లైసెన్సుకు అదనంగా పొందే అర్హత) మీద జీతమిచ్చి గంటలు ఎగరనిచ్చేవారు ఉంటే అది పనికొస్తుంది, లేకుంటే ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లో ఒక ముద్రగానే మిగులుతుంది.

అపోహ: ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేయనిదే ఎయిర్‌లైన్ తలుపు తెరుచుకోదు.

వాస్తవం: ఇది అమెరికాకు చెల్లే మాట. 2009లో బఫెలో సమీపంలో కోల్గన్ ఎయిర్ విమానం కూలిన తర్వాత 2010లో అక్కడ చట్టం వచ్చింది; దాని ప్రకారం 2013 నుంచి కో-పైలట్‌కు కూడా ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ అర్హత, అంటే సాధారణంగా 1500 గంటలు, తప్పనిసరి అయ్యాయి. డిగ్రీ కోర్సులో భాగంగా శిక్షణ పొందినవారికి 1000 గంటలు చాలు. 250 గంటలకు లైసెన్సు చేతికొచ్చిన యువకుడు మిగతా గంటలను సొంత డబ్బుతో ఎగరలేడు కనుకనే పాఠం చెబుతూ కూడబెట్టుకుంటాడు. మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు కావాలి. ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా, కూర్చోవడానికి 1500 అక్కర్లేదు, ఆ అంకె కమాండర్ హోదాకు కావలసిన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు (ఏటీపీఎల్)కు సంబంధించినది. ఇక్కడ కొత్తవారిని వడపోసేది రాత పరీక్ష, సైకోమెట్రిక్ పరీక్ష, సిమ్యులేటర్ పరీక్ష. ఖర్చు మోపెడయ్యేది టైప్ రేటింగు, అంటే ఎయిర్‌బస్ 320 వంటి ఒక రకం విమానాన్ని నడపడానికి విడిగా పొందే అర్హత. ఆ సొమ్మును ముందుగానే బోధనా రేటింగుల మీద ఖర్చు చేసి, తర్వాత టైప్ రేటింగుకు చేతిలో చిల్లిగవ్వ లేక ఆగిపోయినవారిని నేను చూశాను.

అపోహ: ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగు చేస్తే ఇన్‌స్ట్రుమెంట్ గంటలు వాటంతట అవే వచ్చి పడతాయి.

వాస్తవం: ఇన్‌స్ట్రుమెంట్ గంటలంటే బయటికి చూడకుండా కాక్‌పిట్‌లోని పరికరాల ఆధారంగానే ఎగిరిన సమయం. అన్నిటికంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అమెరికా నిబంధనల ప్రకారం ఇన్‌స్ట్రక్టర్ తాను బోధిస్తున్న సమయమంతా పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానానికి బాధ్యుడైన పైలట్‌గా) రాసుకోవచ్చు, అది నిజమే. కానీ ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు బయటి దృశ్యం కనిపించకుండా విద్యార్థికి హుడ్ పెట్టి నడిపిస్తే ఇన్‌స్ట్రుమెంట్ సమయం విద్యార్థిదే అవుతుంది. ఇన్‌స్ట్రక్టర్ దానిని రాసుకోవాలంటే విమానం నిజంగా మేఘాల్లో, ఇన్‌స్ట్రుమెంట్ వాతావరణంలో ఉండాలి. అక్కడి 1500 గంటల్లో 75 ఇన్‌స్ట్రుమెంట్, 100 రాత్రి, 500 క్రాస్ కంట్రీ ఉండి తీరాలి. రోజంతా ఒకే రన్‌వే చుట్టూ టేకాఫ్, ల్యాండింగులు నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌కు మొత్తం సంఖ్య పెరుగుతుందే గాని క్రాస్ కంట్రీ లెక్క ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటుంది. ఈ అర్హతకు క్రాస్ కంట్రీ అంటే బయలుదేరిన చోటి నుంచి సూటిగా 50 నాటికల్ మైళ్లకు మించిన దూరం. రేణిగుంట నుంచి చిత్తూరు దాకా వెళ్లి తిరిగొస్తే ఒకవైపు దూరం సుమారు 36 నాటికల్ మైళ్లే కనుక లెక్కకు రాదు. చెన్నై విమానాశ్రయం ఉన్న మీనంబాక్కం దాకా వెళితే రమారమి 53 కనుక వస్తుంది. ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగుతో ఒక పరోక్ష ప్రయోజనం మాత్రం ఉంది: దూరప్రయాణాల పాఠాలు, నేర్చుకోదలచిన విద్యార్థులు ఎక్కువవుతారు. అందుచేత రెండో రేటింగు ఏదైనా చేయదలిస్తే నేను దీన్నే సూచిస్తాను.

అపోహ: మల్టీ ఇంజిన్ బోధనా రేటింగు ఉంటే ఖరీదైన జంట ఇంజిన్ల గంటలు ఉచితంగా దొరుకుతాయి.

వాస్తవం: సంస్థలో అలాంటి విమానం తిరుగుతూ ఉండాలి, సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ల వంతు దాటి మన వంతు రావాలి. పైగా అదే మోడల్‌లో కనీసం 5 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా ఎగిరి ఉండకపోతే అందులో పాఠం చెప్పే హక్కు కూడా రాదు. నేను ఈ రేటింగుకు సొమ్ము కట్టిన సంస్థలో ఉన్న ఒకే ఒక్క జంట ఇంజిన్ల విమానం మరుసటి నెలలోనే మరమ్మతుకు వెళ్లింది. నేను అక్కడ ఉన్నంత కాలం తిరిగి రాలేదు. తరగతి గది పాఠాలకు పనికొచ్చే గ్రౌండ్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ చవకే గాని, దానితో ఒక్క నిమిషం కూడా ఎగరలేము.

అపోహ: అమెరికాలో రేటింగులు చేసి, అక్కడే 1500 గంటలు పూర్తిచేసుకొని రావచ్చు.

వాస్తవం: వృత్తి శిక్షణ కోసం ఇచ్చే ఎం-1 వీసా మీద వెళ్లినవారికి చదివిన ప్రతి 4 నెలలకు ఒక నెల చొప్పున, గరిష్ఠంగా 6 నెలలు మాత్రమే ప్రాక్టికల్ ట్రైనింగ్ పేరిట పనిచేసే అవకాశం ఉంటుంది. ఆ వ్యవధిలో వెయ్యికి పైగా గంటలు బోధించడం అయ్యే పని కాదు.

బోధన వల్ల దక్కే అసలు లాభం వేరు. ఇన్‌స్ట్రక్టర్ కుడివైపు సీటులో కూర్చొని, కుడిచేత్తో కంట్రోలు, ఎడమచేత్తో థ్రాటిల్ పట్టుకుంటాడు. ఎయిర్‌బస్‌లో ఫస్ట్ ఆఫీసర్ చేతులూ అలాగే ఉంటాయి. అయితే ఈ అలవాటుకు మొదటి రేటింగే చాలు. ఇంకొక చిన్న జాగ్రత్త ఏమిటంటే, అమెరికాలో సీఎఫ్ఐ (సర్టిఫైడ్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్) అంటే లైసెన్సు పొందిన ఏ ఇన్‌స్ట్రక్టర్ అయినా కావచ్చు, మన దేశంలో మాత్రం అది ఒక శిక్షణ సంస్థకు పెద్దగా ఉండే చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్. తిరిగొచ్చి బయోడేటాలో సీఎఫ్ఐ అని మూడక్షరాలు రాసి, ఇంటర్వ్యూలో తడబడినవారు ఉన్నారు కనుక, అక్కడ హోదాను పూర్తిగా విడమరచి రాయండి.