నిమిరితే నొప్పి ఎందుకు తగ్గుతుంది?

మూడు నెలలకు పైగా నడుం నొప్పితో బాధపడుతున్న 401 మందిపై అమెరికాలో ఒక అధ్యయనం జరిగింది. డేనియల్ చెర్కిన్ బృందం 2011లో దాని ఫలితాలు ప్రచురించింది. ఒక గుంపుకి పట్టేసిన కండరాలు ఎక్కడున్నాయో వెతికి, వాటిని ఒత్తి సరిచేసే మసాజ్ చేశారు. రెండో గుంపుకి ఒళ్లంతా హాయిగా అనిపించే మెత్తటి మసాజ్. రెండూ వారానికి ఒకసారి, పది వారాలు. మూడో గుంపు వాళ్లు అప్పటిదాకా వాడుతున్న వైద్యంతోనే ఉండిపోయారు. పది వారాలయ్యేసరికి మసాజ్ అందుకున్న రెండు గుంపుల వాళ్లూ మూడో గుంపు కంటే బాగా తేరుకున్నారు. కానీ ఆ రెండు మసాజ్‌ల మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

గట్టిగా ఒత్తి, నరం సరిచేసి, ముడి విప్పితేనే నొప్పి పోతుందని మనలో చాలామంది నమ్మకం. మసాజ్ తర్వాత రెండు రోజులు ఒళ్లు హూనమైతే అది బాగా పనిచేసినట్టే అనుకునేవాళ్లూ ఉన్నారు. మరి కండరాన్ని పట్టి సరిచేయని మెత్తటి చెయ్యి అంతే మేలు ఎలా చేసింది? దానికి జవాబు కండరంలో కన్నా నరాల్లోనే ఎక్కువగా దొరుకుతుంది.

రొనాల్డ్ మెల్‌జాక్, ప్యాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో 'గేట్ కంట్రోల్' సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. దెబ్బ తగిలినచోట పుట్టిన సంకేతం నేరుగా మెదడుకి చేరిపోదని, దారిలో వెన్నుపాము దగ్గర దాని మీద ఒక అదుపు ఉంటుందని వాళ్లన్నారు. స్పర్శను మోసే నరాల పోగులు లావుగా ఉంటాయి, వాటి చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. అందుకే వాటిలో సంకేతం సెకనుకి 35 నుంచి 75 మీటర్ల వేగంతో పరిగెడుతుంది. మొద్దుగా, మంటగా ఉండే నొప్పిని మోసే సన్నటి పోగుల్లో ఆ వేగం సెకనుకి ఒక మీటరు దరిదాపుల్లోనే ఉంటుంది. స్పర్శ సంకేతాలు వెన్నుపాముకి చేరినప్పుడు అక్కడి నాడీకణాలు నొప్పి సంకేతాన్ని కొంత అణచివేస్తాయి. మోచెయ్యి ఎక్కడైనా కొట్టుకోగానే అరచెయ్యి తనంతట తానే అక్కడికి వెళ్లి రుద్దడంలో ఉన్న మర్మం ఇదే. ఆ తర్వాతి పరిశోధనలు ఈ సిద్ధాంతంలోని సూక్ష్మ వివరాలను చాలా సవరించాయి. నొప్పి ఎంత పైకి వెళ్లాలో వెన్నుపాము దగ్గర కొంత తేలుతుందన్న మూలవిషయం మాత్రం నిలబడింది.

అయితే రుద్దడం వేరు, నిమరడం వేరు. నిమరడానికి చర్మంలో ప్రత్యేకంగా కొన్ని నరాలున్నాయని తెలిసిన తీరు నాకు ఎప్పుడు తలుచుకున్నా అబ్బురంగానే ఉంటుంది. మెలకువగా ఉన్న మనిషి చేతిలోకి వెంట్రుకంత సన్నటి సూది దించి, ఒకే ఒక్క నరపు పోగు పంపే సంకేతాన్ని వినే పద్ధతిని స్వీడన్‌లో కనిపెట్టారు. ఆ పద్ధతితో ముంజేతి నరాలను పరీక్షిస్తుండగా, నొప్పి పోగుల్లాగే సన్నగా ఉండి, నొప్పికి కాకుండా మెత్తటి స్పర్శకి స్పందించే పోగులు దొరికాయి. వీటిని సీ-టాక్టైల్ నరాలు అంటారు. వీటికి వేగం పట్టింపు ఉంది. 2009లో ప్రచురించిన ఒక ప్రయోగంలో మెత్తటి బ్రష్‌ని ముంజేతి మీద రకరకాల వేగాలతో కదిపి చూశారు. సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల మధ్య కదిపినప్పుడు ఈ నరాలు అన్నిటికన్నా చురుగ్గా స్పందించాయి. అంతకన్నా నెమ్మదైనా, అంతకన్నా వేగమైనా వాటి స్పందన తగ్గింది. ఏ వేగం హాయిగా ఉందని అడిగితే మనుషులు చెప్పిన జవాబూ సరిగ్గా అదే! బ్రష్ చర్మమంత వెచ్చగా, అంటే సుమారు 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నప్పుడు ఈ నరాలు మరింత బాగా పలుకుతాయని ఆ తర్వాత తేలింది. ఎవరూ నేర్పకపోయినా తల్లిదండ్రులు బిడ్డను నిమిరేది ఈ వేగంతోనే.

ఈ నరాల పని ఏమిటో ఇంకా స్పష్టంగా తెలియజేసింది ఒక రోగి. జబ్బు వల్ల ఆమె శరీరంలో చాలా భాగం లావుపాటి స్పర్శ నరాలను కోల్పోయింది. చర్మం మీద ఏదైనా ఆనిందో లేదో ఆమెకి తెలియదు. అయినా ముంజేతి మీద బ్రష్‌తో మెల్లగా రాస్తే, లీలగా ఏదో హాయి తెలుస్తోందని చెప్పింది. అప్పుడు ఆమె మెదడుని స్కాన్ చేస్తే, స్పర్శను గుర్తించే ప్రాంతం ఉలకలేదు. శరీరం లోపలి స్థితిని, భావాలను పట్టించుకునే ఇన్సులా అనే ప్రాంతం మేల్కొంది. 2002లో వెలువడిన ఈ ఫలితంతో, ఎక్కడ తాకారో చెప్పే దారి వేరని, ఆ తాకిడిలోని హాయిని చెప్పే దారి వేరని శాస్త్రవేత్తలకి గట్టి ఆధారం దొరికింది.

హాయి సరే, నొప్పి సంగతి? 2018లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పసికందుల మీద ఒక పరిశీలన చేశారు. రక్తపరీక్ష కోసం మడమ మీద గుచ్చే ముందు కొందరి చర్మాన్ని సెకనుకి 3 సెంటీమీటర్ల వేగంతో బ్రష్‌తో నిమిరారు. ఆ పిల్లల మెదడులో నొప్పికి సంబంధించిన స్పందన తక్కువగా నమోదైంది. పసిబిడ్డకి ఏ వైద్యం మీదా నమ్మకం ఉండదు, అపనమ్మకమూ ఉండదు. అందుకే ఈ ఫలితాన్ని నేను చాలా విలువైనదిగా చూస్తాను.

పెద్దవాళ్లలో నమ్మకం కూడా పనిచేస్తుంది, దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. పన్ను పీకించుకున్నవాళ్లలో ఉత్తుత్తి మందుతో నొప్పి తగ్గినవాళ్లకి నాలోక్సోన్ ఇస్తే, తగ్గిన నొప్పి మళ్లీ పెరిగిందని 1978లోనే గమనించారు. నాలోక్సోన్ మార్ఫిన్ లాంటి మందుల పనిని ఆపేస్తుంది. అంటే నమ్మకంతో కలిగిన ఉపశమనం వెనుక శరీరం తనలో తాను తయారుచేసుకున్న రసాయనాలు ఉన్నాయన్నమాట. మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్న మనిషి వల్ల భయం తగ్గుతుంది, టెన్షన్ తగ్గుతుంది. భయం తగ్గితే నొప్పీ తగ్గుతుంది.

ఇక్కడే నాకు కొన్ని చికిత్సలతో పేచీ ఉంది. క్రేనియోసేక్రల్ థెరపీలో తలని, వెన్ను అడుగుభాగాన్ని సుమారు 5 గ్రాముల ఒత్తిడితో మాత్రమే తాకుతారు. పుర్రె ఎముకలు లయబద్ధంగా కదులుతాయని, మెదడు చుట్టూ ఉన్న ద్రవపు లయను చేతితో పసిగట్టి సరిచేస్తామని అంటారు. ఒకే మనిషిని వేర్వేరు థెరపిస్టులు పరీక్షించి చెప్పిన లయలు ఒకదానితో ఒకటి కలవలేదు. ఒంటి మీద చెయ్యి వేయకుండానే శక్తిని సరిచేస్తామనే 'థెరప్యూటిక్ టచ్'ని ఎమిలీ రోజా అనే అమ్మాయి తొమ్మిదేళ్ల వయసులో పరీక్షించింది. తెరకి అవతల థెరపిస్టు రెండు చేతులూ చాపితే, తన చెయ్యి ఏ చేతికి దగ్గరగా ఉందో చెప్పమంది. 21 మంది కలిసి సరిగ్గా చెప్పింది 44 శాతమే. నాణెం ఎగరేసినా సగం సరిపోతాయి. ఆ ఫలితాలు 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయ్యాయి.

అలాంటి చికిత్స తీసుకుని హాయిగా లేచి వచ్చినవాళ్లు అబద్ధం చెబుతున్నారని నేననను. గంటసేపు నిశ్శబ్దంగా పడుకుని, శ్రద్ధగా చూసుకునే మనిషి సమక్షంలో ఉంటే ఉపశమనం కలగడం సహజం. తాకితే ఇక చెప్పేదేముంది! ఆ హాయిని చూపించి లేని లయలను, కనబడని శక్తులను అంటగట్టడమే తప్పు. దానివల్ల రోగి అసలు వైద్యం మానేస్తే జరిగే నష్టం చిన్నది కాదు.

ఇంట్లో ఎవరికైనా చేయాలంటే పెద్ద విద్య ఏమీ అక్కర్లేదు. చేతులు రుద్దుకుని వెచ్చబరుచుకోవాలి. మోచేతి నుంచి మణికట్టు దాకా ఒకసారి నిమరడానికి ఐదు నుంచి ఎనిమిది సెకన్లు పట్టాలి. తొలిసారి చేసేవాళ్లకి ఇది మరీ నెమ్మదిగా తోస్తుంది, అయినా తొందరపడకూడదు. ముంజెయ్యి, వీపు, భుజాలు ఇందుకు అనువైన చోట్లు. అరచేతుల్లో ఆ ప్రత్యేకమైన నరాలు చాలా అరుదు. 137 అధ్యయనాలను కలిపి లెక్కగట్టి 2024లో వెలువరించిన ఒక విశ్లేషణ ప్రకారం, ఒక్కోసారి ఎంతసేపు తాకారన్నది పెద్దగా లెక్కలోకి రాలేదు, ఎన్నిసార్లు తాకారన్నదే మేలుని పెంచింది. కాబట్టి నెలకోసారి గంట కన్నా, రోజూ పది నిమిషాలు మంచిదని నా అభిప్రాయం. పెద్దవాళ్ల విషయంలో తాకే మనిషి సొంతవాళ్లా, థెరపిస్టా అన్నదీ పెద్ద తేడా చూపలేదు. నవజాత శిశువులకి మాత్రం అమ్మానాన్నల చెయ్యే ఎక్కువ మేలు చేసింది.

కాలి పిక్కలో ఉన్నట్టుండి వాపు, నొప్పి, వేడి ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అక్కడ మసాజ్ చేయకూడదు. ఎముక విరిగినచోట, గాయం మీద, జ్వరంలో కూడా వద్దు. నడుం నొప్పితోపాటు కాళ్లు చచ్చుబడినా, మూత్రం అదుపు తప్పినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నరాలు దెబ్బతిన్న కొందరికి మెత్తటి తాకిడి కూడా మంటలా అనిపిస్తుంది, దీన్ని అలొడీనియా అంటారు. వాళ్లని నొప్పి ఉన్నచోట కాకుండా దానికి దూరంగా, రెండో చెయ్యి మీదో భుజం మీదో తాకి చూడాలి, అదీ ముందుగా అడిగాకే. వద్దంటే ఆపేయాలి.