మన కౌబాయ్‌ది ఏ ఊరు?

సినిమా పిచ్చోళ్లు నలుగురు కలిసిన చోట ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే ఇది. 'కౌబాయ్ సినిమాలు చూద్దామనుకుంటున్నా, దేనితో మొదలుపెట్టను?' అడగడమే ఆలస్యం, జవాబు రెడీగా ఉంటుంది: సెర్జియో లియోనె తీసిన 'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ'. చెప్పినవాడు ఊరుకోకుండా అందులోని ట్యూన్ కూడా ఓసారి ఈల వేసి వినిపిస్తాడు. అడిగినవాడు ఆ రాత్రే దాదాపు మూడు గంటల సినిమా పెట్టుకుని కూర్చుంటాడు. నచ్చుతుంది, అందులో అనుమానం లేదు. చిక్కల్లా ఆ తర్వాతే. అక్కణ్నుంచి వెనక్కి వెళ్లి పాత హాలీవుడ్ వెస్టర్న్, అంటే కౌబాయ్ సినిమా, ఏది పెట్టినా చప్పగా ఉందంటాడు. ఆవకాయతో మొదలుపెట్టిన నోటికి ముద్దపప్పు రుచేం తెలుస్తుంది?

నన్నడిగితే 'హై నూన్' అంటాను. 1952 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా, గంటా ఇరవై అయిదు నిమిషాలు. పాత సినిమాల మీద మోజుతో అనే మాట కాదిది. 1971లో కృష్ణ టోపీ పెట్టి గుర్రమెక్కాడే, మనకు తెలిసిన ఆ కౌబాయ్, అతను ఈ సినిమాకు దూరపు చుట్టం. అదీ ఒక వైపు నుంచి కాదు, రెండు వైపుల నుంచి.

హై నూన్ కథ మూడు ముక్కల్లో చెప్పొచ్చు. ఓ చిన్న ఊరి మార్షల్, అంటే అక్కడి పోలీసు అధికారి, విల్ కేన్. గ్యారీ కూపర్ వేశాడు. ఆ పొద్దున్నే పెళ్లి చేసుకుని, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి భార్యతో బయల్దేరుతుంటే కబురొస్తుంది: తను పట్టించి జైలుకు పంపిన ఫ్రాంక్ మిల్లర్ విడుదలై మధ్యాహ్నం పన్నెండు గంటల రైలుకు దిగుతున్నాడు. అతని మనుషులు ముగ్గురు అప్పటికే స్టేషన్లో కాచుకుని ఉన్నారు. కేన్ పారిపోడు. సారా దుకాణానికి వెళ్లి సాయం అడుగుతాడు, చర్చికి వెళ్లి అడుగుతాడు, స్నేహితుడి తలుపు తడతాడు. ఒక్కడూ రాడు. మధ్యమధ్యలో గోడ గడియారం చూపిస్తుంటారు. సినిమాలో గడిచే టైమూ మనం కూర్చున్న టైమూ దాదాపు ఒకటే కాబట్టి ఆ ముల్లు కదులుతుంటే మనకు టెన్షన్ పెరుగుతుంది. కాల్పులు చివర్లో కాసేపే. అంతా అయ్యాక కేన్ తన రేకు బిళ్లను తీసి దుమ్ములో పడేసి వెళ్లిపోతాడు.

ఈ స్క్రిప్టు రాసిన కార్ల్ ఫోర్‌మన్ పరిస్థితి కూడా అప్పట్లో ఇంచుమించు ఇదే. అమెరికాలో కమ్యూనిస్టుల వేట నడుస్తున్న రోజులవి. ఒకప్పుడు పార్టీలో ఉన్నవాడు కాబట్టి, ఈ సినిమా పనిలో ఉండగానే ఆయన్ను అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందుకు పిలిచారు. తోటివాళ్ల పేర్లు చెప్పమంటే చెప్పలేదు. హాలీవుడ్‌లో పని దొరక్కుండా పోయింది, ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. తలుపులేసుకున్న ఆ ఊరి జనం ఎవరో ఆయన ప్రత్యేకంగా చెప్పాల్సిన పన్లేదు. జాన్ వేన్‌కు ఈ సినిమా ఒళ్లు మండించింది. 1959లో హోవర్డ్ హాక్స్ దర్శకత్వంలో ఆయన చేసిన 'రియో బ్రావో' దీనికి జవాబే. అందులో ఊరి పోలీసు అధికారి షెరిఫ్ ఎవరి గడపా తొక్కి సాయం అడగడు. సినిమాకు సినిమాతోనే జవాబు చెప్పుకోవడం వెస్టర్న్‌లో మొదట్నుంచీ ఉన్న అలవాటు.

మొదట్నుంచీ అంటే 1903 నుంచి. ఎడ్విన్ పోర్టర్ తీసిన పన్నెండు నిమిషాల 'ద గ్రేట్ ట్రైన్ రాబరీ'లో ఒక దొంగ కెమెరాకేసి, అంటే మన మొహం మీదికే, తుపాకీ పేలుస్తాడు. తీసింది ఎక్కడో పడమటి ఎడారిలో కాదు, ఎక్కువ భాగం న్యూజెర్సీలో. ఆ తర్వాత చిన్నాచితకా కౌబాయ్ బొమ్మలు కోకొల్లలుగా వచ్చాయి. 1939లో జాన్ ఫోర్డ్ 'స్టేజ్‌కోచ్'తో ఈ రకం సినిమాకు పరువూ, జాన్ వేన్‌కు స్టార్‌డమ్మూ వచ్చాయి. మాన్యుమెంట్ వ్యాలీలోని ఎర్రరాతి దిమ్మలు వెస్టర్న్‌కు చిరునామా అయిపోయాయి. 'షేన్', 'ద సెర్చర్స్' యాభైల్లోవి. రెండూ చూడాల్సినవే, ముఖ్యంగా రెండోది. అందులో హీరో ఎంత చెడ్డవాడో తలుచుకుంటే ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. యాభైలు గడిచేసరికి అమెరికా జనం ఇంట్లో టీవీలోనే కౌబాయ్ సీరియళ్లు చూడటం మొదలుపెట్టారు, థియేటర్ వెస్టర్న్ నీరసించింది.

అయితే యూరప్‌లో ఆకలి తీరలేదు. జర్మన్లు 1962 నుంచి యుగోస్లావియా కొండల్లో సొంత వెస్టర్న్‌లు తీసుకుని డబ్బు చేసుకున్నారు. ఇటలీలో అప్పటిదాకా నడిచింది కండల వీరులు, రోమన్ యోధుల బొమ్మల కాలం. అదీ ముగింపుకొచ్చింది. అలాంటి సినిమాలు తీసిన చెయ్యే సెర్జియో లియోనె. 1961లో జపాన్‌లో కురొసావా 'యోజింబో' తీశాడు. ఒక ఊళ్లో రెండు ముఠాలు, మధ్యలో దిగిన ఒంటరి సమురాయ్ ఇద్దరితోనూ బేరం పెట్టి ఇద్దర్నీ ముంచేస్తాడు. లియోనె ఆ కథకు టోపీ పెట్టి 1964లో 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' అన్నాడు. హక్కుల సంగతి మాత్రం తేల్చుకోలేదు. జపాన్ వాళ్లు కేసు పెట్టారు. చివరికి వసూళ్లలో 15 శాతం వాటా, జపాన్‌తో పాటు మరికొన్ని ఆసియా దేశాల పంపిణీ హక్కులు ఇచ్చుకోవాల్సి వచ్చింది. అమెరికాలో ఆ సినిమా 1967లో గానీ విడుదల కాలేదు.

ఇటాలియన్ వెస్టర్న్ అంటే నవ్వుతారని టైటిల్స్‌లో అందరూ అమెరికన్ పేర్లు పెట్టుకున్నారు. సంగీత దర్శకుడు ఎన్నియో మొరికోనె, లియోనెతో చిన్నప్పుడు ఒకే క్లాసులో చదువుకున్నవాడు, 'డాన్ సావియో' అయ్యాడు. లియోనె 'బాబ్ రాబర్ట్‌సన్' అయ్యాడు. ఆ పేరులో ఓ చమత్కారం ఉంది. వాళ్ల నాన్న విన్సెంజో కూడా మూకీల కాలం దర్శకుడే, ఆయన తెరపేరు రొబెర్తో రొబెర్తి. రాబర్ట్‌సన్ అంటే రాబర్ట్ కొడుకు. దొంగ పేరు పెట్టుకుంటూ కూడా తండ్రిని తలుచుకున్నాడన్నమాట.

పెద్ద హీరోను పెట్టుకోవడానికి డబ్బు లేదు. టీవీ సీరియల్లో రెండో హీరోగా చేస్తున్న క్లింట్ ఈస్ట్‌వుడ్ 15 వేల డాలర్లకు ఒప్పుకున్నాడు. నోట్లో ఎప్పుడూ చుట్ట కనిపిస్తుంది గానీ మనిషికి పొగ అలవాటే లేదు. ఎడారి స్పెయిన్‌లోది, అల్మెరియా దగ్గరి తబెర్నాస్. ఫిల్మ్ ఖర్చు తగ్గించుకోవడానికి టెక్నిస్కోప్ వాడారు. ఒక్కో ఫ్రేముకు మామూలుగా పట్టే ఫిల్ములో సగమే పడుతుంది, తెర మాత్రం వెడల్పుగా ఉంటుంది. షూటింగ్‌లో ఎవడి భాషలో వాడు డైలాగ్ చెప్పేవాడు. మాట్లాడేవాడు ఇంగ్లీషు, వినేవాడు ఇటాలియన్, మధ్యలో వచ్చే గుర్రపువాడు స్పానిష్. శబ్దమంతా తర్వాత డబ్బింగే. పెదాలు ఒకదారి మాట ఒకదారిగా ఉన్నా సర్దుకుపోవడం డబ్బింగ్ బొమ్మలు చూసి పెరిగిన మనకు కొత్తేం కాదు గానీ, ఇంగ్లీషు విమర్శకులు చాలా ఏడ్చారు. స్పఘెట్టీ వెస్టర్న్ అన్న పేరు వెక్కిరింతగా వచ్చిందే. జపాన్‌లో అదే మాకరోనీ వెస్టర్న్. వెక్కిరించినా ఆగలేదు, పది పదిహేనేళ్లలో కొన్ని వందలు తీసి పారేశారు. ఎక్కువ భాగం చెత్త. కొర్బూచి తీసిన 'జాంగో' (1966), మంచులో నడిచే 'ద గ్రేట్ సైలెన్స్' (1968) మాత్రం వదలొద్దు. రెండోదాని ముగింపు ఎవరికీ ముందే చెప్పకండి. నవ్వుకోవాలంటే 1970 నాటి ట్రినిటీ సినిమా ఉంది.

ఇప్పుడు మళ్లీ హై నూన్ స్టేషన్‌కు. అక్కడ కాచుకున్న ముగ్గుర్లో ఒకడు సన్నగా, డేగ మొహంతో ఉంటాడు. సినిమాలో అందరికంటే ముందు కనిపించేది అతనే. ఒక్క డైలాగూ లేదు, నోటితో వాయించే హార్మోనికా తప్ప. పేరు లీ వాన్ క్లీఫ్, అదే అతని మొదటి సినిమా. ఆ తర్వాత పదేళ్లూ విలన్ పక్కన నిలబడే వేషాలే. 1958లో కారు ప్రమాదంలో మోకాలు దెబ్బతింది, గుర్రమెక్కడమే కష్టమైంది. బొమ్మలు వేసుకుంటూ బతుకుతున్నవాణ్ని లియోనె వెతికి పట్టుకుని 1965లో 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్'లో ఈస్ట్‌వుడ్ సరసన నిలబెట్టాడు. మరుసటేడు 'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ'లో 'బ్యాడ్' అతనే. స్టేషన్లో మాట లేకుండా నిలబడ్డవాడు యూరప్‌కు స్టార్ అయ్యాడు. మన చుట్టరికంలో మొదటి దారి ఇది.

రెండో దారి కార్ల్ ఫోర్‌మన్‌ది. ఇంగ్లండ్ వెళ్లినాయన నెమ్మదిగా నిలదొక్కుకున్నాడు. 1969లో స్క్రిప్టు రాసి, హై నూన్‌కు సంగీతం ఇచ్చిన డిమిట్రీ టియోమ్‌కిన్‌తో కలిసి ఒక భారీ వెస్టర్న్ నిర్మించాడు. అదే 'మెకన్నాస్ గోల్డ్'. గ్రెగరీ పెక్, ఒమర్ షరీఫ్, బంగారు లోయ, చివర్లో కూలిపోయే కొండలు. అమెరికాలో బోల్తా కొట్టింది. మన దేశంలో మాత్రం ఏళ్ల తరబడి ఊరూరా ఆడుతూనే ఉంది. వెస్టర్న్‌గా చూస్తే హై నూన్ కాలిగోటికి సరిపోదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఇక్కడి జనం గుండెల్లో కౌబాయ్‌ని నాటింది అదే.

ఈ రెండు దారులూ కలిసిన చోట కృష్ణ కౌబాయ్‌గా చేసిన 'మోసగాళ్లకు మోసగాడు' పుట్టింది. పద్మాలయా వారి సినిమా, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా, 1971 ఆగస్టు విడుదల. లియోనె డాలర్ల సినిమాల నుంచి ముగ్గురు గడుసువాళ్ల పోటీని, మెకన్నాస్ గోల్డ్ నుంచి నిధి వేటను తీసుకున్నారు. రచన ఆరుద్ర. కవి, 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన పండితుడు కౌబాయ్ కథకు కూర్చున్నాడని ఇప్పుడు వింటే విడ్డూరంగా ఉంటుంది గానీ, ఆ సినిమాను నిలబెట్టింది ఆయన చేసిన మార్పే. డాలర్లను పక్కన పెట్టి, తెల్లవాళ్ల కాలంలో ఒక సంస్థానం దాచుకున్న నిధి అన్నాడు. 'అగ్లీ'ని నక్కజిత్తుల నాగన్నను చేశాడు. నాగభూషణం ఆ వేషంలో చేసిన అల్లరి చూశాక అతన్ని ఇటలీవాడని ఎవడంటాడు? ఎడారి కోసం రాజస్థాన్ వెళ్లారు. ఇంగ్లీషులోకి డబ్ చేసి బయటి దేశాలకూ పంపారు. 'షోలే' రావడానికి ఇంకా నాలుగేళ్లుంది. ఆ తర్వాత చిరంజీవి 'కొదమసింహం' (1990), మహేశ్‌బాబు 'టక్కరి దొంగ' (2002) ఆ టోపీని దులిపి పెట్టుకున్నవే.

1968లో లియోనె కూడా హై నూన్ స్టేషన్‌కు తిరిగొచ్చాడు. 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్' మొదలయ్యేది రైలు కోసం కాచుకున్న ముగ్గురితోనే. పది నిమిషాల పైచిలుకు దాదాపు మాటల్లేవు, పాటలేదు. గాలిమర కిర్రుమంటుంటుంది. పైనుంచి నీటిబొట్లు ఒకడి టోపీ మీద టప్ టప్‌మని పడుతుంటాయి, కదలడు. టోపీ అంచులో చేరిన ఆ నీళ్లను చివర్లో తీరిగ్గా తాగుతాడు. రెండోవాడు వేళ్లు విరుచుకుంటుంటాడు. మూడోవాడి గడ్డం మీద ఈగ. ఊదుతాడు, పోదు. చివరికి తుపాకీ గొట్టంలో ఈగను పట్టేసి, దాని రొద చెవి దగ్గర పెట్టుకుని విని నవ్వుకుంటాడు. రైలొస్తుంది, ఎవరూ దిగరు. రైలు కదిలిపోయాక అవతలి వైపు నుంచి హార్మోనికా వినిపిస్తుంది. హై నూన్ చూడనివాడికి ఇది అద్భుతమైన సీను. చూసినవాడికి పాత పద్యం కొత్త రాగంలో విన్నట్టు ఉంటుంది. అక్కడ విలన్ మనిషి వాయించిన హార్మోనికా ఇక్కడ హీరో చేతికి వచ్చింది.

కాబట్టి అడిగినవాళ్లకు నేను చెప్పేది రెండు రాత్రుల పని. మొదటి రాత్రి హై నూన్, రెండో రాత్రి ఇది. మొదటిదాంట్లో మార్షల్ తన జైలు గదిలోంచి ఒక తాగుబోతును విడిచిపెడతాడు. బయటికొస్తూ వాడు సారా దుకాణం తెరిచారా అని అడుగుతాడు, కేన్ ఇంటికి పొమ్మంటాడు. అర నిమిషం వేషం. ఆ మెల్లకన్ను మొహాన్ని గుర్తుపెట్టుకోండి. పేరు జాక్ ఈలమ్. పదహారేళ్ల తర్వాత ఆ స్టేషన్లో ఈగను పట్టినవాడు అతనే.