మాట్‌ల్యాబ్ కోడ్‌ని నంపైలోకి మార్చడం: అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టులకు మాట్‌ల్యాబ్ (మ్యాట్రిక్స్ లెక్కలకు వాడే సాఫ్ట్‌వేర్) కోడ్‌ని పైథాన్‌లోకి, అందులో అలాంటి లెక్కలకు వాడే నంపై లైబ్రరీలోకి మార్చడంలో సాయపడుతుంటాను. ఎర్రర్ వస్తే వెంటనే పరిగెత్తుకొస్తారు. ఎర్రర్ రాకుండా తప్పు లెక్క వస్తేనే నాకు భయం.

అపోహ: గుర్తు ఒకటే కాబట్టి లెక్కా ఒకటే.

వాస్తవం: మాట్‌ల్యాబ్‌లో * అంటే మ్యాట్రిక్స్ గుణకారం. నంపై అరేల్లో (అంకెల పట్టికల్లో) అదే గుర్తు ఏ స్థానంలోని అంకెను ఆ స్థానంలోని అంకెతోనే గుణిస్తుంది. మ్యాట్రిక్స్ గుణకారానికి @ వాడాలి. ఇది 2015లో పైథాన్ 3.5తో వచ్చింది. 3×3 మ్యాట్రిక్స్‌లు రెండిస్తే * కూడా హాయిగా నడిచిపోతుంది, జవాబు మాత్రం వేరు. అందుకే 2×3, 3×4 ఇచ్చి పరీక్షించండి. తప్పుంటే అక్కడికక్కడే ఆగిపోతుంది.

అపోహ: రీషేప్ ఎక్కడైనా రీషేపే.

వాస్తవం: రీషేప్ అంటే విలువల్ని కొత్త ఆకారపు పట్టికలో సర్దడం. నన్ను ఎక్కువగా ఏడిపించింది ఇదే. ఒకబ్బాయి నదుల ప్రవాహం లెక్కలు తెచ్చాడు. మొదటి అడ్డు వరుస నాగావళి, రెండోది వంశధార. నిలువు వరుసలు జూన్, జూలై, ఆగస్టు. ఫైల్లో నెలవారీగా ముందు నాగావళి, తర్వాత వంశధార. ఆ ఆరు విలువల్నీ 1 నుంచి 6 అనుకోండి. మాట్‌ల్యాబ్ ఫోర్ట్రాన్ భాష పద్ధతిలో నిలువుగా నింపుతుంది కాబట్టి నాగావళికి 1, 3, 5 వస్తాయి. అదే సరైనది. నంపై మామూలుగా సి భాషలాగా అడ్డంగా నింపుతుంది: 1, 2, 3. అంటే వంశధార జూన్ నీళ్లు నాగావళి జూలై గడిలోకి వచ్చేశాయి! గ్రాఫ్ కూడా చక్కగా వచ్చింది. పాపం, రెండు రోజులు ఫార్ములాలో తప్పు వెతుక్కున్నాడు. రీషేప్‌లో ఆర్డర్ దగ్గర 'ఎఫ్' అని ఇస్తే సరిపోయింది.

అపోహ: ఇండెక్స్‌లన్నిట్లో ఒకటి తగ్గిస్తే చాలు.

వాస్తవం: ఇండెక్స్ అంటే విలువ ఉన్న స్థానం అంకె. మాట్‌ల్యాబ్ దాన్ని 1 నుంచి, పైథాన్ 0 నుంచి లెక్కిస్తాయి. కానీ మొదలు:చివర అని ముక్క తీసేటప్పుడు మొదలు మాత్రమే తగ్గించాలి. మాట్‌ల్యాబ్‌లో 2:4 పైథాన్‌లో 1:4 అవుతుంది, ఎందుకంటే పైథాన్ చివరి అంకెను కలుపుకోదు. లెక్కలో ఇండెక్స్ పొరపాటున -1 అయినా పైథాన్ ఆగదు, చివరి విలువ తీసి ఇచ్చేస్తుంది. టెన్షన్ అక్కడే.

స్టాండర్డ్ డీవియేషన్‌లో కొంచెం తేడా వస్తే దశాంశాల సర్దుబాటని వదిలేయకండి. విలువలు n ఉంటే మామూలుగా మాట్‌ల్యాబ్ n-1తో భాగిస్తుంది, నంపై nతో.

అపోహ: మ్యాట్రిక్స్‌లో ముక్క తీసి వేరే పేరు పెడితే అది కాపీ.

వాస్తవం: మాట్‌ల్యాబ్‌లో నిజమే. నంపైలో కోలన్‌తో తీసిన ముక్క అసలు అరేకి అంటుకునే ఉంటుంది. అందులో ఒక్క గడి మార్చినా అసలుదీ మారిపోతుంది. అసలుది చెక్కుచెదరకూడదంటే ముక్క తీసినచోటే కాపీ అని రాయండి.