దేవుని చిత్తం అడిగే పిల్లలకు ఒక ఉత్తరం

హన్మకొండ

ప్రియమైన పిల్లలారా,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున మీ అందరికీ నా వందనములు.

ఇంటర్మీడియట్ తర్వాత ఏ కోర్సు చదవాలి, ఊరు విడిచి పోవాలా వద్దా, వచ్చిన సంబంధానికి ఒప్పుకోవాలా వద్దా అని తేల్చుకోలేని సమయంలో దేవుని చిత్తాన్ని ఎలా తెలుసుకోవాలని యువజన కూడికల్లో మీరు తరచుగా అడుగుతున్నారు. కూడిక చివర దొరికే కొద్ది నిమిషాల్లో చెప్పి ముగించదగిన విషయం కాదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. విశ్వాసం మీద ఆధారపడటమంటే నిర్ణయం తీసుకునే భారాన్ని ఏదో ఒక గుర్తు మీద పెట్టి మనం పక్కకు తప్పుకోవడం కాదు. వాక్యం చదివి, ప్రార్థించి, లెక్కలు చూసుకొని, తెలిసినవారిని అడిగి, చివరకు నిర్ణయం మనమే తీసుకొని, దాని ఫలితం ఎలా ఉన్నా దేవుడు మనలను విడిచిపెట్టడని నమ్మి నడవడం.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, పన్నెండు దాటిన తర్వాత, పళ్లెంలో ఉంచిన వాగ్దాన కార్డుల్లో ఒకటి తీసుకొని సంవత్సరమంతా బైబిల్లో దాచుకోవడం మనకు అలవాటు. ఆ అలవాటును నేను తప్పు పట్టను. కష్టకాలంలో ఒక వాక్యం కంటికి ఎదురుగా ఉండటం మంచిదే. కానీ ఆ కార్డును చూసి అప్పు చేయడం, ఉద్యోగం మానేయడం, పెళ్లి ఖాయం చేసుకోవడం వేరే సంగతి. మన కార్డుల మీద అందరికంటే ఎక్కువగా కనిపించే వాక్యాల్లో యిర్మీయా 29:11 ఒకటి: "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా" దేవుడు ఉద్దేశించిన సంగతులు సమాధానకరమైనవే అని ఆ వచనం చెబుతుంది. ఆ అధ్యాయం మొదటి నుండి చదవండి. అది బబులోనుకు చెరగా పోయిన ప్రజలకు యిర్మీయా రాసిన ఉత్తరం. ఆ వచనానికి ముందు వచనంలోనే 70 సంవత్సరాలు అని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవారిలో చాలామంది తిరిగి యెరూషలేమును చూడరు. దాని ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండు సంవత్సరాల్లోనే అంతా చక్కబడుతుందని దేవుని పేరు చెప్పి పలికాడు. జనానికి ఇష్టమైన మాట అదే, అబద్ధమైన మాట కూడా అదే. యిర్మీయా మాత్రం ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అని రాశాడు. నిరీక్షణ గురించిన అంత పెద్ద వాగ్దానం ఇల్లు, తోట, పెళ్లి, పని అనే రోజువారీ నిర్ణయాల మధ్య వచ్చింది. వాటిని ఎవరికి వారు తీసుకోవలసిందే.

గుర్తు అడగడానికి గిద్యోనును ఆధారంగా చూపేవారు మన సంఘాల్లో ఎక్కువ. గొఱ్ఱెబొచ్చు మీద మాత్రమే మంచు పడాలని ఒక రాత్రి, నేల మీద మాత్రమే పడాలని మరొక రాత్రి అతడు అడిగాడు. అయితే న్యాయాధిపతులు 6వ అధ్యాయంలో ఆ సంగతి చివర వస్తుంది. ఇశ్రాయేలును శత్రువుల చేతిలో నుండి విడిపించమని దేవుడు అంతకు ముందే అతనికి స్పష్టంగా చెప్పాడు. గిద్యోను తెలియనిదాన్ని తెలుసుకోవడానికి అడగలేదు; తెలిసినదాన్ని చేయడానికి భయపడి అడిగాడు. దేవుడు దయగలవాడు గనుక అతని భయాన్ని సహించాడు. ఆ సహనాన్ని మనం ఒక పద్ధతిగా మార్చుకోవడం న్యాయం కాదని నా ఉద్దేశం.

"తలుపు తెరుచుకుంది, మనసులో సమాధానం ఉంది, కాబట్టి ఇది దేవుని చిత్తమే" అనే మాట కూడా మీ నోట వింటున్నాను. యోనా ప్రవక్త యొప్పే రేవుకు పోగానే తర్షీషుకు వెళ్లే ఓడ సిద్ధంగా ఉంది. కేవు, అంటే ఓడ చార్జీ, చెల్లించడానికి చేతిలో డబ్బూ ఉంది. ఓడ దిగువ భాగంలో అతనికి గాఢనిద్ర కూడా పట్టింది. అతడు పోతున్నది మాత్రం దేవుడు పంపిన దిక్కుకు ఎదురు దిక్కు. ఇక సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువును చూడండి. తండ్రి చిత్తానికి పూర్తిగా లోబడిన ఆ గడియలో ఆయన వేదనపడ్డాడు. ఆయన చెమట రక్తబిందువుల వలె నేల పడిందని లూకా రాశాడు. కనుక మనసు నిమ్మళంగా ఉన్నంత మాత్రాన దారి సరైనదని, కలత ఉన్నంత మాత్రాన దారి తప్పని అనుకోకండి. పరీక్షలకు ముందు మీ మనసు నిమ్మళంగా ఉందంటే నేనైతే ముందు మీ పుస్తకాలు చూస్తాను.

మరి ఆది సంఘం ఎలా నిర్ణయించుకుంది? ప్రభువును అప్పగించిన యూదా స్థానంలో మరొకరిని నియమించడానికి శిష్యులు చీట్లు వేశారు, నిజమే. మత్తీయ పేరిట చీటి వచ్చింది. కానీ అది పెంతెకొస్తుకు ముందు. పరిశుద్ధాత్మ దిగివచ్చిన తర్వాత అపొస్తలుల కార్యాల్లో మళ్లీ ఎవరూ చీట్లు వేసినట్లు కనిపించదు. అన్యజనులలో నుండి వచ్చిన విశ్వాసులకు సున్నతి అవసరమా అనే ప్రశ్న సంఘాన్ని చీల్చేంత పెద్దది. దాని కోసం యెరూషలేములో అపొస్తలులు, పెద్దలు కూడివచ్చారు. "బహు తర్కము" జరిగిందని 15వ అధ్యాయం దాచకుండా చెబుతుంది. పేతురు తన అనుభవం చెప్పాడు, బర్నబా, పౌలు తాము చూసింది వివరించారు, యాకోబు ప్రవక్తల వాక్యాన్ని ఎత్తి చూపాడు. అంతా అయిన తర్వాత వారు రాసిన ఉత్తరంలో "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అనే మాట ఉంది. నాకు ఈ మాట ఎంతో ఇష్టం. వాదోపవాదాలు, అనుభవాలు, లేఖనం, అందరి ఆలోచన, వీటన్నిటిలోనూ ఆత్మ పనిచేసిందని వారు నమ్మారు. అలాగని "మాకును" అనే మాటను వదిలిపెట్టలేదు. నిర్ణయానికి తామూ బాధ్యులమేనని సంతకం పెట్టినట్లుగా రాశారు.

ఎవరైనా ప్రవచనం పేరుతో మీకు సంబంధం కుదర్చబోయినా, చదువు మాన్పించబోయినా అపొస్తలుల కార్యాలు 21వ అధ్యాయం గుర్తు చేసుకోండి. అగబు అనే ప్రవక్త పౌలు నడికట్టుతో తన చేతులూ కాళ్లూ కట్టుకొని, యెరూషలేములో పౌలుకు ఇలాగే జరుగుతుందని చెప్పాడు. అతడు చెప్పింది అబద్ధం కాదు. అక్కడున్న విశ్వాసులందరూ వెళ్లవద్దని ఏడ్చి బతిమాలారు. అయినా పౌలు వెళ్లాడు. వారు "ప్రభువు చిత్తము జరుగును గాక" అని ఊరుకున్నారు. నిజమైన ప్రవచనం కూడా పౌలు చేతిలో నుండి నిర్ణయాన్ని లాక్కోలేదు. అలాంటప్పుడు, నిన్న గాక మొన్న పరిచయమైన ఒక ప్రసంగీకుడి మాట మీ చేతిలో నుండి దాన్ని ఎందుకు లాక్కోవాలి?

మన ప్రాంతపు చరిత్రలో నుండి ఒకరి సంగతి చెబుతాను. కాజీపేట నుండి విజయవాడ వైపు రైలులో వెళ్లేటప్పుడు డోర్నకల్ జంక్షన్ మీరందరూ చూసే ఉంటారు. 1909లో, అది నిజాం రాజ్యంలో ఉన్న కాలంలో, వి. ఎస్. అజరయ్య అక్కడికి మిషనరీగా వచ్చారు. ఆయన తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. క్రైస్తవ యువజన సంస్థ అయిన వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా మంచి స్థానంలో ఉన్నవారు, విద్యార్థుల మధ్య పేరున్నవారు. 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనలో ముఖ్యపాత్ర వహించి, సువార్త కోసం ఇతర ప్రాంతాలకు పొమ్మని తోటి భారతీయులను పిలిచినవారిలో ఆయన ఒకరు. ఆ పిలుపుకు తానే జవాబుగా, ముప్పై అయిదేళ్ల వయసులో, భార్యాపిల్లలు ఉన్న మనిషి, తెలియని భాష మాట్లాడే బీద ప్రజల మధ్యకు వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. 1909లో సామాను సర్దుకునేటప్పుడు బిషప్ పదవి ఆయన కళ్ల ముందు లేదు. ఉన్నది ఒక అవసరం, ఆ అవసరం గురించి తాను అప్పటికే ఇతరులకు చెప్పిన మాట, ఆ మాటకు తగినట్లు నడుచుకోవలసిన బాధ్యత. హెబ్రీయుల పత్రిక అబ్రాహాము గురించి "ఎక్కడికి వెళ్లవలెనో అది ఎరుగక బయలువెళ్లెను" అంటుంది. చివరి మజిలీ తెలిసిన తర్వాతనే బయలుదేరుతామనేవారికి ఆ వచనం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

ఇక మీ ప్రశ్నలకు వస్తాను. నర్సింగ్ చదవాలా, ఇంజనీరింగ్ చదవాలా అని అడిగిన అమ్మాయికి నా జవాబు: బిడ్డా, ఈ రెండింటిలో ఏదీ పాపం కాదు. ఏదెను తోటలో దేవుడు ఒక్క చెట్టును వద్దని, మిగిలిన ప్రతి చెట్టు ఫలాన్నీ "నిరభ్యంతరముగా తినవచ్చును" అన్నాడు. ఏ చెట్టు దగ్గరికి ముందు పోవాలని ఆదాము అడిగినట్లు ఎక్కడా లేదు. నీకు ఏ పాఠం చదువుతుంటే ఆసక్తి పెరుగుతుందో చూడు. ఈఏపీసెట్‌లో నీ ర్యాంకు ఎంత, ఫీజు ఎంత, ఇంట్లో పరిస్థితి ఏమిటి అని చూడు. ఎంజీఎం ఆసుపత్రిలో పనిచేసే మన సంఘపు నర్సు అక్కను కలిసి, రాత్రి డ్యూటీలు ఎలా ఉంటాయో, జీతం ఎలా ఉంటుందో అడుగు. నాన్నతో భయపడకుండా మాట్లాడు. తర్వాత ఒకటి ఎంచుకో. రెండోది ఎంచుకొని ఉంటే దేవుడు ఎక్కువ దీవించేవాడేమో అని జీవితాంతం వెనక్కి చూస్తూ కూర్చోకు.

పెళ్లి విషయంలో కొన్ని సంగతులు ప్రార్థించి తెలుసుకోవలసిన అవసరమే లేదు, అవి ఇదివరకే తేటగా ఉన్నాయి. ప్రభువునందు మాత్రమే, అంటే విశ్వాసినే పెళ్లి చేసుకోవాలని, పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ హద్దు లోపల ఇష్టమైనవారిని చేసుకునే స్వేచ్ఛ ఉందని అదే వచనంలో రాశాడు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ 1961 నాటి చట్టం ప్రకారం నేరాలు. కట్నం మాట తేలిన తర్వాత "దేవుని చిత్తం కోసం" ప్రార్థన పెట్టించే కుటుంబాలు మన సంఘాల్లో లేవని నేను చెప్పలేను. ఆ ప్రార్థనలో ఆమేన్ అనడానికి నాకు నోరు రాదు. జబ్బు విషయమూ అంతే. ప్రార్థించామని టీబీ మాత్రలు, షుగరు మాత్రలు ఆపవద్దు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే.

గల్ఫ్‌కు పోవాలా అని అడిగిన తమ్ముడికి కొంచెం ఎక్కువగా చెప్పాలి. మీ జగిత్యాల వైపు నుండి అలా పోయి ఇల్లు నిలబెట్టుకున్నవారూ ఉన్నారు, అప్పుతో తిరిగి వచ్చినవారూ ఉన్నారు. ఇరువురి ఇళ్లలోనూ ప్రార్థన జరిగింది. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి తగులుబడి లెక్క చూచుకోడా అని ప్రభువే లూకా 14లో అడిగాడు. కాబట్టి నీవు ఉపవాస ప్రార్థన చేసే రోజే కాగితం మీద లెక్క కూడా వెయ్యి. ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడు. లైసెన్సున్న ఏజెంటు సేవారుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు. లక్షల్లో అడుగుతున్నాడంటే నీవు ప్రార్థించవలసింది వీసా కోసం కాదు, అతని నుండి విడుదల కోసం. విజిట్ వీసా మీద పోయి పని చూసుకోవచ్చని చెబితే నమ్మకు. ఆజాద్ వీసా అంటూ కఫీల్ (వీసా ఇప్పించే అక్కడి యజమాని) ఒకరు, పని ఇచ్చేది మరొకరు అయితే, పట్టుబడిన రోజు దోషిగా నిలబడేది నీవే. జీతం, పని గంటలు, తిరుగు టికెట్టు ఒప్పంద పత్రంలో ఉండాలి. వడ్డీకి తెచ్చే అప్పు ఎన్ని నెలల జీతంతో తీరుతుందో అమ్మ ముందు కూర్చొని లెక్కించు. ఇంత లెక్క వేయడం అవిశ్వాసమని ఎవరైనా అంటే, సామెతలు 3వ అధ్యాయాన్ని వారు సగమే చదివారని అనుకో. "నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక" అన్న ఆ అధ్యాయమే జ్ఞానాన్నీ వివేచననూ పోనియ్యవద్దని కూడా చెబుతుంది. బుద్ధిని వాడవద్దనలేదు, దాన్నే ఆధారం చేసుకోవద్దంది.

ఇవన్నీ చేసిన తర్వాత కూడా నిర్ణయం బెడిసికొట్టవచ్చు. ఈ మాట దాచి మీకు ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు. దానియేలు గ్రంథంలో, రాజు నిలబెట్టిన బొమ్మకు మ్రొక్కనందుకు అగ్నిగుండం ముందు నిలబడిన ముగ్గురు యువకులు, తమ దేవుడు రక్షించడానికి సమర్థుడని చెప్పి, "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" బొమ్మకు మ్రొక్కమని అన్నారు. వారి విశ్వాసం ఫలితం మీద నిలబడలేదు. సీటు రాకపోతే, సంబంధం తప్పిపోతే, పోయిన చోట పని పోతే, దేవుని చిత్తం తప్పిపోయానని కూలిపోకుండా, ఆ రోజు ఉన్న చోట నుండే మళ్లీ ప్రార్థించి, మళ్లీ ఆలోచించి, మళ్లీ అడుగు వేయడానికి ఈ మాట ఒక్కటి చాలు.

తమ్ముడూ, వచ్చే ఆదివారం ఆరాధన అయిపోగానే ఏజెంటు ఇచ్చిన కాగితాలన్నీ తీసుకొని మా ఇంటికి రా; గల్ఫ్‌లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన మన సంఘ పెద్దను కూడా రమ్మన్నాను. ముందు ప్రార్థన చేసుకొని, తర్వాత ఒక్కొక్క కాగితం చదువుదాం. అమ్మను కూడా తీసుకొని రా.

ప్రభువునందు మీ
సారు